ఫ్లీలూ, ఇంటి మందులూ

మా పాప పిల్లిపిల్లను తెచ్చుకున్న ఏడాది వేసవిలో, కార్పెట్ మీద నడిస్తే చాలు, చీలమండల చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచేవి. అప్పుడు మా దగ్గరే ఉన్న అమ్మ చూసి, "కుక్కపేలురా ఇవి. వేపాకు కాచి ఆ నీళ్ళతో కడుగు, సాంబ్రాణి పొగ వెయ్యి" అంది. వేపాకు దొరకలేదు. పక్కింటావిడ తన కుక్కకు వాడే చుక్కల మందు ఇచ్చింది. అది చామంతి జాతి పువ్వులోంచి పుట్టిన మందని ఎక్కడో చదివి ఉన్నాను. పూజకు వాడే పువ్వే కదా, ఏం చేస్తుందిలే అనుకుని పిల్లి మెడ మీద వేశాను. డబ్బా మీద "కుక్కలకు మాత్రమే" అని రాసి ఉంది. చదవలేదు. సాయంత్రానికి పిల్లి వణకడం మొదలుపెట్టింది. ఆ రాత్రంతా పశువుల ఎమర్జెన్సీలో కూర్చున్నాం. పిల్లి బతికింది. ఇంటి మందుల పూర్వాపరాలు తెలుసుకోవాలన్న బుద్ధి నాకు ఆ రాత్రి పుట్టింది.

ముందు పేరు సంగతి. గోమారి, పిడుదు, పేను, నల్లి అంటూ నెత్తురు తాగే పురుగులకు మన ఊళ్ళలో పేర్ల కరువు లేదు. అయినా రెక్కల్లేకుండా గెంతే ఈ పురుగును చాలామందిమి కుక్కపేను అనేస్తాం. ఇది పేనూ కాదు, పిడుదూ కాదు. అందుకని ఇక్కడ ఫ్లీ అనే అంటాను. అమెరికా ఇళ్ళలో కుక్కల మీద కనిపించేది కూడా ఎక్కువగా పిల్లి ఫ్లీయే. పెద్ద పురుగు జంతువు ఒంటి మీదే ఉంటుంది గానీ, గుడ్లు కింద రాలిపోతాయి. పిల్లపురుగులు నేల మీది దుమ్మూ ధూళీ, ఎండిన నెత్తుటి పొడీ తిని పెరుగుతాయి. తరవాత గూడు కట్టుకుని వారాలు, ఒక్కోసారి నెలలు ఎదురుచూసి, అడుగుల అదురు, ఒంటి వెచ్చదనం తగలగానే బయటికి గెంతుతాయి. అంటే జబ్బు జంతువుది అనుకుంటాం గానీ, సగానికి పైగా ఇంటిది.

పాతకాలం వాళ్ళు జంతువునూ, పడకనూ చూసి మందు వేశారు. యూరప్‌లో పెన్నీరాయల్ అనే పుదీనా జాతి మొక్కను పడకల్లో పరిచేవారు. దాని శాస్త్రీయ నామం మెంతా పులేజియంలోనే ఫ్లీకి లాటిన్ మాట పులెక్స్ దాగి ఉంది. అమెరికాకు వలస వచ్చినవాళ్ళు ఇక్కడ అలాంటి వాసనే ఉన్న మరో మొక్కను చూసి దానికీ ఆ పేరే పెట్టారు. వలస వచ్చినవాళ్ళ అలవాటే అంత, మనం జుకినీలో దోసకాయను వెతుక్కున్నట్టు. అయితే ఆకు వేరు, ఆకులోంచి తీసిన నూనె వేరు. ఫ్లీల కోసం పెన్నీరాయల్ నూనె పూసిన కుక్క చనిపోయిన ఉదంతం 1992లో అమెరికా పశువైద్య పత్రికలో వచ్చింది.

ఇక నా చామంతి. అడ్రియాటిక్ తీరాన డాల్మేషియాలో పూసే ఒక తెల్ల పువ్వును ఎండబెట్టి, పొడి చేసి, పందొమ్మిదో శతాబ్దంలో పురుగుల మందుగా ప్రపంచమంతా అమ్మారు. ఆ ప్రాంతం నుంచే వచ్చిన మిల్కో అనే ఆయన కాలిఫోర్నియాలో ఆ పువ్వు పండించి "బుహాచ్" పేరుతో పొడి అమ్మాడు. మెర్సెడ్ దగ్గర ఆ పేరుతో ఊరు ఇప్పటికీ ఉంది. ఆ పువ్వు మందు ఎండ తగిలితే త్వరగా విరిగిపోతుంది. 1973లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్‌లో మైకేల్ ఇలియట్ బృందం, దాని పోలికలోనే, ఎండకు చెడని పర్మెత్రిన్‌ను తయారుచేసింది. కుక్క శరీరం దాన్ని విరగ్గొట్టి బయటికి పంపగలదు, పిల్లి కాలేయానికి ఆ శక్తి చాలదు. పువ్వుకూ నేను వేసిన మందుకూ మధ్య ఒక ప్రయోగశాల ఉందన్నమాట.

ఫ్లీ కథలో మన దేశానిది పెద్ద అధ్యాయం. 1896లో బొంబాయిలో ప్లేగు మొదలైంది. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాన్ అనే ఫ్రెంచి డాక్టరు రోగమున్న ఎలుకను గాజు జాడీలో పెట్టి, దాని మీద ఫ్లీలు చాలవేమోనని ఒక పిల్లి మీంచి కొన్ని పట్టి వేశాడు. ఒకదాన్నొకటి తాకే వీలు లేకుండా ఆరోగ్యంగా ఉన్న ఎలుకను బోనులో పెట్టి పక్కనే ఉంచాడు. కొద్ది రోజులకు అదీ ప్లేగుతో చచ్చింది. ఫ్లీయే ప్లేగును మోస్తోందని ఆయన అంటే చాలాకాలం ఎవరూ నమ్మలేదు. 1905 తరవాత బొంబాయిలో పనిచేసిన ప్లేగు కమిషన్ గినీ పందుల్ని రోగం వచ్చిన ఇళ్ళలో వదిలి, వాటి మీదికి ఎక్కిన ఫ్లీలను లెక్కపెట్టి ఆ మాట నిజమని తేల్చింది. కిరోసిన్, సబ్బు, నీళ్ళు కలిపి నేలలు తడపడం అప్పటి సర్కారు మందు. 1911లో హైదరాబాదునూ ప్లేగు పట్టి పీడించింది. దక్కన్‌లో ఎలుకలు రాలడం కనిపించగానే జనం ఇళ్ళు వదిలి పొలాల్లో పాకలు వేసుకునేవారు. ఏ కమిషనూ చెప్పకపోయినా అది సరైన పనే. చచ్చిన ఎలుకను వదిలిన ఫ్లీకి ఖాళీ ఇంట్లో తిండి దొరకదు.

పేడతో అలికిన నేల గురించీ ఇలాగే అనిపిస్తుంది. పేడలో మహత్తు ఉందని నేననను. నెర్రెలు పూడుతాయి, దుమ్ము నిలవదు, పిల్లపురుగుకు చోటు ఉండదు. పైగా మన కుక్క వాకిట్లో పడుకునేది.

తరవాత పొడుల యుగం. డీడీటీ పురుగుల్ని చంపుతుందని 1939లో కనిపెట్టిన పాల్ ముల్లర్‌కు 1948లో నోబెల్ వచ్చింది. మా చిన్నప్పుడు గమాక్సిన్ డబ్బా వంటింటి గూట్లో, పప్పు డబ్బాల పక్కనే ఉండేది. నాన్న కుక్కకు కూడా చల్లేవాడు. అదీ "ఇంటి మందే" మరి! బీహెచ్‌సీ అనే ఆ మందును మన దేశం 1997లో నిషేధించింది. అమెరికా డీడీటీని 1972లోనే ఆపింది.

ఈలోగా ఇక్కడ, రెండో ప్రపంచయుద్ధం తరవాత జార్జియాలోని డాల్టన్ మిల్లుల పుణ్యమా అని గోడ నుంచి గోడ దాకా కార్పెట్ చవకైంది. ఫ్లీకి అంతకంటే మంచి పురిటిగది ఉండదు. 2007లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీ శాస్త్రజ్ఞులు పరీక్షించి చూస్తే, వాక్యూమ్ క్లీనర్‌లోకి లాగిన పెద్ద ఫ్లీల్లో 96 శాతం, గూళ్ళూ పిల్లపురుగులూ నూటికి నూరూ చచ్చిపోయాయి. మనవాళ్ళ పార్టీల్లో వినే చిట్కాల్లో వెల్లుల్లి మాత్రం వద్దు, కుక్కకూ పిల్లికీ అది రక్తహీనత తెస్తుంది. ఈస్టు తినిపిస్తే ఫ్లీలు పోతాయన్నది 1983లోనే పరీక్షకు నిలవలేదు. వేప పురుగు ఎదుగుదలను చెడగొడుతుంది గానీ, ఎదిగి ఒంటి మీద కూర్చున్న ఫ్లీకి దానితో పెద్ద ఇబ్బంది లేదు.

మా ఇంట్లో డాక్టరు ఇచ్చిన పిల్లుల మందుతో పాటు సన్నపళ్ళ దువ్వెన, సబ్బునీళ్ళ గిన్నె, రెండు నెలల పాటు రోజూ వాక్యూమ్ పనిచేశాయి. అమ్మ దుప్పట్లూ బొంతలూ తీసుకెళ్ళి వెనక కంచె మీద ఎండలో పరిచింది. వారం తిరక్కుండా కాలనీ అసోసియేషన్ నుంచి, కంచెల మీద బట్టలు ఆరేయరాదని ఉత్తరం వచ్చింది. చదివి వినిపిస్తే అమ్మకు అర్థం కాలేదు. అప్పటి నుంచి డ్రయర్‌లోనే, బాగా వేడి మీద.