నీలివర్ణము చెప్పిన రహస్యము

భిలాయి వాసులకు భాస్వరమును గూర్చి క్రొత్తగా చెప్పవలసిన పని లేదు. ఉక్కులో అది మితిమీరినచో చలికి ఉక్కు పెళుసుబారును. రైలుపట్టాలు తయారుచేయు ఊరికి అది చిన్న విషయము కాదు. కావున కొలిమిలో సున్నమును చేర్చి దానిని చిట్టెములోనికి తీసివేయుదురు. ఎంత మిగిలినదో పరీక్షాశాలలో కొలుచుదురు. నేడు ఆ కొలత యంత్రములు క్షణములలో చేయుచున్నవి. పూర్వపు రసాయనికులు ఉక్కుముక్కను ఆమ్లములో కరగించి, మాలిబ్డేటు లవణమును కలిపి, ఏర్పడిన పసుపుపచ్చని పదార్థమును తూచియో, దానిని నీలివర్ణముగా మార్చి ఆ రంగు గాఢతను బట్టియో భాస్వరమును లెక్కకట్టెడివారు.

అట్టి నీలివర్ణమునే చేతిదీపముగా పట్టుకొని జీవకణములోనికి తొంగిచూచిన తెలుగువాడొకడు కలడు. ఆయన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావుగారు. నేడు కణజీవశాస్త్రము, అణుజీవశాస్త్రము అను పేరులతో డాక్టరేటు కొరకు పరిశోధన చేయు యువకుల పని ఎట్టిదో, దానికి ఏమి కావలెనో తెలిసికొనుటకు ఆయన చరిత్రకన్న తేటయైన పాఠము మనకు లేదు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను మూడవసారి గాని నెగ్గలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచుండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించిరి. అది ఆంగ్ల ఆచార్యునకు రుచింపలేదు, తుదకు ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికన్న తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను. కొంతకాలము మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించి, మామగారి సహాయముతోను, కాకినాడలోని సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సహాయముతోను 1922లో అమెరికా చేరిరి. అచ్చట బోస్టనులో, హార్వర్డు వైద్యకళాశాలలో ఉష్ణమండల వ్యాధులను చదివిరి. పొట్టపోసికొనుటకు ఆస్పత్రిలో రాత్రివేళ కూలిపనులు చేసిరి. తరువాత జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కే అను ఆచార్యుని వద్ద చేరిరి.

ఆచార్యుడు అప్పగించిన పని చూచుటకు అల్పము: రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచుటకు మంచి పద్ధతిని ఏర్పరచుట. గురుశిష్యులు ఇరువురును పూర్వపద్ధతుల లోపములను సవరించి, 1925లో తమ పద్ధతిని ప్రకటించిరి. నాటినుండి నేటివరకు అది ఫిస్కే-సుబ్బారావు పద్ధతి యని జీవరసాయన విద్యార్థులు నేర్చుకొనుచున్నారు. అచ్చటితో ఆగినను ఆ పేరు నిలిచియే యుండెడిది. కాని ఆ కొలతను కండరముల సారముపై ప్రయోగించినప్పుడు ఒక చిక్కు తలయెత్తెను. నీలిరంగు రావలసినంత వేగముగ రాలేదు. మెల్లమెల్లగా చిక్కనగుచు వచ్చెను.

ఇట్టి చిక్కు వచ్చినప్పుడు పాత్ర సరిగా కడుగలేదనియో, మందు పాతబడినదనియో అనుకొని ఆ లెక్కను కొట్టివేయుట మానవసహజము. వారు అట్లు చేయలేదు. ఈ ఆలస్యమునకు కారణమేమని అడిగిరి. కండరములో విడిగా ఉన్నదని అందరును తలచిన భాస్వరములో అధికభాగము నిజమునకు విడిగా లేదు. క్రియాటిన్ అను పదార్థముతో ముడివడియున్నది. పరీక్షకై కలిపిన ఆమ్లములో ఆ ముడి మెల్లగా విడిపోవుచుండుటచే రంగును మెల్లగా వచ్చుచుండెను. ఈ ఫాస్ఫోక్రియాటిన్ కండరము పనిచేయునప్పుడు తరుగుననియు, విశ్రమించినప్పుడు మరల పెరుగుననియు తేలెను. 1927లో ఈ విషయము ప్రకటింపబడెను. అదే సంవత్సరమున ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును స్వతంత్రముగా దీనిని గుర్తించిరి.

దీని ప్రాముఖ్యము తెలియవలెనన్న నాటి శాస్త్రస్థితిని తలచుకొనవలెను. కండరమునకు శక్తి లాక్టికామ్లము ఏర్పడుటవలన వచ్చునని హిల్, మయర్‌హాఫ్ అను పండితులు చెప్పియుండిరి. కండరములపై చేసిన కృషికిగాను 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానము వారికి లభించెను. బోస్టనులో ఒక విద్యార్థి గమనించిన రంగు ఆలస్యము ఆ సిద్ధాంతపు పునాదిని కదల్చెను. 1929లో ఫిస్కే, సుబ్బారావుగారలు అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా నేటి పాఠశాల బాలలకు సైతము తెలిసిన ఎ.టి.పి.ని, కండరమునుండి వేరుచేసి ప్రకటించిరి. జర్మనీలో కార్ల్ లోమాను కూడ ఆ యేడే దానిని కనుగొనెను. జీవకణములో జరుగు పనులకు ఇదియే చెల్లుబడియగు నాణెమని 1941లో లిప్‌మాన్ స్పష్టపరచెను. ఉక్కును పెళుసుచేయు భాస్వరమే ప్రాణికి శక్తినిచ్చు నాణెమందలి లోహమైనది.

1930లో హార్వర్డు సుబ్బారావుగారికి డాక్టరేటు నిచ్చెను. శాశ్వతమైన ఆచార్యపదవిని మాత్రము ఇయ్యలేదు. పదేండ్లు వేచి, 1940లో ఆయన లెడర్లే ఔషధ సంస్థకు వెడలిపోయిరి. అచ్చట ఆయన నడపిన పరిశోధనలో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. దానినుండియే రక్తకాన్సరుపై ప్రయోగింపబడిన అమినోప్టెరిన్ పుట్టినది. బోదకాలు వ్యాధికి మందు వచ్చినది. 1948 ఆగస్టులో, తన 53వ యేట, స్వదేశమును మరల చూడకయే ఆయన కన్నుమూసిరి.

ఈ చరిత్రలో మనకు గర్వకారణమును కలదు, దుఃఖకారణమును కలదు. అట్టి బుద్ధిశాలికి పనిచేసికొనుటకు ఒక బల్ల, ఒక గురువు, కొన్ని సంవత్సరముల తీరిక నాడు స్వదేశమున దొరకలేదు. భార్యను, బంధువులను విడిచి సముద్రములు దాటవలసి వచ్చెను. ఈ లోటు తీరుటకు చాలకాలము పట్టినది.

1977లో హైదరాబాదున, ప్రాంతీయ పరిశోధనశాలలోని జీవరసాయన విభాగము మూలముగా, కణ-అణుజీవశాస్త్ర పరిశోధన కేంద్రము వెలసినది. దీనిని సి.సి.ఎం.బి. యని వ్యవహరింతురు. డాక్టర్ పుష్పమిత్ర భార్గవగారు దానికి తొలి సంచాలకులు. 1987 నవంబరులో ప్రధాని రాజీవ్ గాంధీగారు దాని భవనములను జాతికి అంకితము చేసిరి. అచ్చటనే 1988లో లాల్జీ సింగుగారు డి.ఎన్.ఏ. వేలిముద్రల పద్ధతిని రూపొందించిరి. న్యాయస్థానములలో తల్లిదండ్రులెవరో, దోషి యెవరో తేల్చుటకు అది సాధనమైనది. అచ్చటి పరిశోధక విద్యార్థులు చిరకాలము జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునుండి డాక్టరేటు పొందుచు వచ్చిరి. పిమ్మట పార్లమెంటు 2011లో చేసిన చట్టముచే ఏర్పడిన సి.ఎస్.ఐ.ఆర్. అకాడమీ ఆ పట్టము నిచ్చుచున్నది.

నేడు ఎం.ఎస్‌సి. ముగించి జాతీయ పరీక్షలో నెగ్గిన విద్యార్థికి 2023 జనవరినుండి నెలకు 37,000 రూపాయల భృతియు, రెండేండ్ల పిమ్మట 42,000 రూపాయలును విధింపబడియున్నవి. రాత్రివేళ ఆస్పత్రిలో కూలిచేసిన సుబ్బారావుగారితో పోల్చిన ఇది గొప్ప మార్పే. అయినను డాక్టరేటు ముగిసిన పిమ్మట స్థిరమైన ఉద్యోగమెక్కడ నను ప్రశ్న, 1930లో ఆయనను వేధించినదే, నేటి విద్యార్థినిని, విద్యార్థిని కూడ వేధించుచున్నది. దీనిని కప్పిపుచ్చి పిల్లలను ఈ దారికి పంపుట ధర్మము కాదు. దీనికే జడిసి దారిని మూసివేయుటయు ధర్మము కాదు.

వైశాలి నగరు మొదలుకొని ఈ ఉక్కునగరపు వాడవాడలందున్న తెలుగు కుటుంబములలో బిడ్డకు ఇంజనీరింగో వైద్యమో చెప్పింపవలెనను కోరిక బలమైనది. 1959లో తొలి ఊదుకొలిమి వెలిగిన ఊరిలో అది సహజము. ఇచ్చటనే ఐ.ఐ.టి. వెలసినందున ఆ కోరిక మరింత బలపడినది. కాని మన చుట్టునున్న ఛత్తీస్‌గఢ్ పల్లెలలో సికిల్ సెల్ వ్యాధి విస్తారముగా కలదు. రక్తమునకు ఎరుపునిచ్చు మాంసకృత్తులో ఒక్క ఆమ్లము స్థానమున వేరొకటి వచ్చుటయే దానికి మూలము. ఇది అణువునందలి దోషమని 1949లో పౌలింగ్ చూపగా, ఆ దోషమెచ్చటనో 1956లో ఇంగ్రామ్ కనుగొనెను. ఈ వ్యాధిని 2047 నాటికి నిర్మూలించు సంకల్పముతో 2023 జూలై 1న పొరుగుననే యున్న శాహ్‌డోల్‌లో జాతీయోద్యమము ప్రారంభమైనది. ఆ రోగులకు దినదినము ఇచ్చు మాత్రలలో ఫోలిక్ ఆమ్లమొకటి. భీమవరపు బిడ్డడు ఈ నేలను చూడలేదు. ఆయన శ్రమఫలము మాత్రము ఈ నేలకు చేరినది.

కావున మన బిడ్డలలో ఎవరైనను ఒక చిన్న తేడాను చూచి, "ఇది ఎందుకిట్లు జరిగినది?" అని విడువక అడుగుచున్నచో, మార్కుల పట్టికను ప్రక్కనుంచి ఆ ప్రశ్నను ఆలకింతము. మెట్రిక్యులేషనులో రెండుమారులు తప్పినవాడు లోకమునకు జీవశక్తి రహస్యమును చెప్పగలిగెను. రంగు ఆలస్యముగా వచ్చిననాడు అతడు పాత్రను పారబోయక వేచియుండెను. అట్లు వేచియుండుటకు వలయు కాలమును, తోడ్పాటును మన బిడ్డలకు మన ఇంటనే, మన దేశముననే సమకూర్చుట మన కర్తవ్యము.