జబ్ర్ – ముఖాబలా : మన పిల్లల లెక్క వెనుక మన చరిత్ర

ప్రతి ఏటా మన సొసైటీ సంచికలో స్కాలర్‌షిప్పుల గురించి, ఆరోగ్యం గురించి, పెళ్లిళ్లలో దుబారా గురించి పెద్దలు రాస్తూ ఉంటారు. ఈసారి లెక్కల మీద ఏదైనా రాయమని మమ్మల్ని అడిగినప్పుడు మాకే నవ్వు వచ్చింది. సావనీరులో లెక్కల పాఠం ఎవరు చదువుతారు? అయితే మేము రాయబోయేది పాఠం కాదు, చరిత్ర. ఆ చరిత్ర మన ఇళ్లలోని ఏడో తరగతి పిల్లలకు సంబంధించినది గనుక సభ్యులు, ముఖ్యంగా తల్లులు ఓపికగా చదవాలని మనవి.

ఉప్పల్, నాచారం ప్రాంతాల మన పిల్లలు ఆరో తరగతి దాకా కూడికలు, తీసివేతల్లో ఎవరికీ తీసిపోరు. బజారుకు పంపితే చిల్లరలో రూపాయి తేడా రానివ్వరు. ఏడో తరగతిలో ‘సామాన్య సమీకరణాలు’ మొదలయ్యేసరికి అంకెల మధ్య ఒక అక్షరం వచ్చి కూర్చుంటుంది. అంతే, సగం క్లాసు తల దించుకుంటుంది. అక్కడ తల దించినవాడు ఎనిమిదిలో ఎత్తడు, పదో తరగతి పరీక్షకు భయపడుతూ పోతాడు. హబ్సిగూడ దగ్గర ఉప్పల్ రోడ్డు మీద 1961లో ఏర్పడిన ఎన్.జి.ఆర్.ఐ. ఉంది, 1977లో వచ్చిన సి.సి.ఎం.బి. ఉంది. మన ఉప్పల్‌లోనే సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. వీటి గేట్ల ముందు నుంచి మన పిల్లలు రోజూ పోతూ ఉంటారు. లోపల జరిగే పనికి మొదటి మెట్టు ఆ ఏడో తరగతి సమీకరణమే.

ఇందులో తప్పు పిల్లలదేనా? కాదు. ముందుగా మా తప్పు ఒప్పుకుంటాము.

పదిహేనేళ్ల కిందట మేము కూడా అందరిలాగే చెప్పేవాళ్లం. “సమాన గుర్తు దాటితే ప్లస్సు మైనస్ అవుతుంది, మైనస్ ప్లస్సు అవుతుంది, రాసుకోండి” అనేవాళ్లం. ఒకనాడు వెనుక బెంచీ పిల్లవాడొకడు లేచి “కైకు బదల్తా సార్?” అని అడిగాడు. ఎందుకు మారుతుంది అని. మా దగ్గర జవాబు లేదు. “వో రూల్ హై, బైఠో” అని కూర్చోబెట్టాము. పిల్లలు నవ్వారు. వాడు మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు. మరుసటి సంవత్సరం బడి మానేసి నాచారంలో ఒక షెడ్డులో పనికి కుదిరాడు. ఇంటి పరిస్థితులు కూడా కారణమే, కాదనము. కాని లెక్కల పీరియడ్ అంటే వాడికి విరక్తి పుట్టించినవాళ్లలో మేమూ ఉన్నాము.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే మాకు చరిత్ర తగిలింది.

క్రీ.శ. 813 నుంచి 833 వరకు బాగ్దాదును పాలించిన అబ్బాసీ ఖలీఫా మామూన్ కాలంలో ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు ఒక గ్రంథం రాశాడు. దాని పేరులో రెండు మాటలున్నాయి: అల్ జబ్ర్, వల్ ముఖాబలా. ఆ మొదటి మాటే యూరప్ పోయి ‘ఆల్జీబ్రా’ అయింది. మన పిల్లలు ఇంగ్లీషు మాట అనుకొని భయపడేది అసలు అరబీ మాట.

జబ్ర్ అంటే ఏమిటి? విరిగిన ఎముకను తిరిగి కట్టడం అని ఒక అర్థం. మన దగ్గర చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకుంటారే, సరిగ్గా అదే. స్పెయిన్‌లో ఎముకలు కట్టేవాణ్ణి చాలా కాలం ‘అల్‌జెబ్రిస్తా’ అనే పిలిచారు. లెక్కలో కూడా పని అదే. ఒక బస్తాలోంచి 4 కిలోల బియ్యం తీశాము, 21 కిలోలు మిగిలాయి. మొదట ఎన్ని ఉన్నాయి? ఆ బస్తా 4 కిలోల మేర ‘విరిగి’ ఉంది. 4 కిలోలు తిరిగి పోసి అతికించాలి. ఇటు పోస్తే అటు కూడా పోయాలి, లేకపోతే కాంటా వంగుతుంది. ఇటు నిండు బస్తా, అటు 25. ఇదే జబ్ర్. గుర్తు ఎక్కడికీ దాటలేదు, ఏదీ మారలేదు. రెండు వైపులా ఒకే పని చేశాము.

ముఖాబలా అంటే ఎదురెదురుగా నిలబెట్టడం. 5 పొట్లాలు, 3 కిలోలు ఒక పళ్లెంలో. 2 పొట్లాలు, 15 కిలోలు ఇంకో పళ్లెంలో. రెండూ సమానంగా తూగాయి. రెండు వైపులా ఉన్న 2 పొట్లాలు ఎదురెదురు తీసేయండి, రెండు వైపులా 3 కిలోలు తీసేయండి. మిగిలింది 3 పొట్లాలు, 12 కిలోలు. పొట్లం ఒక్కటికి 4 కిలోలు. ఖ్వారిజ్మీ గ్రంథంలో ఎక్స్, వై లేవు, సమాన గుర్తు లేదు. అంతా మాటల్లోనే రాశాడు. తెలియని దానిని ‘షై’ అన్నారు, అనగా వస్తువు. సమాన గుర్తు ఇంగ్లండులో రాబర్ట్ రికార్డ్ 1557లో వాడాడు. ఎక్స్ అనే అక్షరం ఫ్రాన్స్‌కు చెందిన డెకార్ట్ 1637 గ్రంథం తర్వాత స్థిరపడింది. అంటే ఏ అక్షరాన్ని చూసి మన పిల్లలు భయపడుతున్నారో అది లేకుండానే ఈ విద్య 800 ఏళ్లు నడిచింది.

ఇక ఈ విద్య ఎందుకు పుట్టింది? ఖ్వారిజ్మీ గ్రంథంలో పెద్ద భాగం వీలునామాలు, వారసత్వపు పంపకాల లెక్కలే. ఈ సంగతి మేము క్లాసులో చెప్పినప్పుడు ఆడపిల్లలు తలెత్తి విన్నారు. ఒక లెక్క ఇచ్చాము: అప్పులు, ఖర్చులు పోను 8 లక్షల ఆస్తి. భార్య, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు. చనిపోయినవాని తల్లిదండ్రులు లేరు. షరీఅత్ ప్రకారం భార్యకు ఎనిమిదో వంతు, అనగా 1 లక్ష. కూతురి వాటాను షై అనుకుంటే ఒక్కొక్క కొడుకుకు రెండు షైలు. మొత్తం 7 షైలు, 1 లక్ష కలిపితే 8 లక్షలు. కూతురి వాటా 1 లక్ష. ఆ రోజు ఒక అమ్మాయి ఇంటికి పోయి తన తల్లికి ఈ లెక్క చేసి చూపించిందట. తన వాటా తానే లెక్క కట్టగలిగిన ఆడపిల్లను మోసం చేయడం అంత సులభం కాదు.

అయితే ఇది ఒక్క బాగ్దాదు గొప్పతనమే అని చెప్పి ఊరుకుంటే అన్యాయం అవుతుంది. తరాజుతో చెప్పే పాఠానికి ఒక హద్దు ఉంది. ఒక సంఖ్యకు 9 కలిపితే 4 వచ్చింది, ఆ సంఖ్య ఏది? తరాజు ఇక్కడ మూగబోతుంది. సున్నా కంటే తక్కువ బరువు ఏ పళ్లెంలో పెడతాం? ఖ్వారిజ్మీ రుణ సంఖ్యలను జవాబుగా తీసుకోలేదు. కాని ఆయన కంటే దాదాపు 200 ఏళ్ల ముందే, 628లో, బ్రహ్మగుప్తుడు ఉన్నవాటిని ‘ధనం’ అని, అప్పును ‘రుణం’ అని పేర్లు పెట్టి రెండింటికీ సూత్రాలు రాశాడు. మన పిల్లలకు ఇది ఇట్టే తెలుస్తుంది. కిరాణా కొట్టులో ఉద్దెర ఖాతా లేని ఇల్లు మన బస్తీలో ఎన్ని? 5 రూపాయల ఉద్దెర ఉన్నవాడికి 9 రూపాయలు వస్తే చేతిలో మిగిలేది 4. జవాబు 5 రూపాయల ఉద్దెర, అనగా మైనస్ 5. తరాజు బాగ్దాదుది, ఉద్దెర ఖాతా బ్రహ్మగుప్తుడిది. రెండూ ఉంటేనే ఏడో తరగతి పాఠం పూర్తవుతుంది.

ఈ ఇచ్చిపుచ్చుకోవడం పాతదే. ఖ్వారిజ్మీ భారతీయ అంకెల మీద ఒక గ్రంథం రాశాడు. భాస్కరాచార్యుని లీలావతిని అక్బర్ ఆస్థానంలోని ఫైజీ 1587లో ఫారసీలోకి తెచ్చాడు. అదే భాస్కరుని బీజగణితాన్ని, 1150 నాటి గ్రంథాన్ని, షాజహాన్ కాలంలో 1634-35లో అతావుల్లా రుష్దీ ఫారసీలో రాశాడు. ఈయన తాజ్ మహల్ నిర్మాతగా పేరున్న ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడు. మన తెలుగులో చూస్తే, 11వ శతాబ్దంలోనే పావులూరి మల్లన మహావీరాచార్యుని గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. లెక్కకు మతం లేదు, భాష ఒక్కటే లేదు. ఎవరికి అర్థమయ్యే భాషలో వారు దానిని తెచ్చుకున్నారు.

మన హైదరాబాదులో కూడా అదే జరిగింది. మన ఉప్పల్‌కు కూతవేటు దూరంలో ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో స్థాపించబడింది. అంతకు ముందే 1917లో దారుత్తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టి పై చదువుల గ్రంథాలను ఉర్దూలోకి తెచ్చారు, కొత్త పారిభాషిక పదాలు తయారు చేశారు. 1948 తర్వాత ఉర్దూ మాధ్యమం పోయింది. కాని పాత ఉర్దూ పుస్తకాల్లో ఆల్జీబ్రాకు పేరు ‘జబ్ర్ ఓ ముఖాబలా’. అంటే పాఠం పేరులోనే పద్ధతి ఉండేది: అతికించు, ఎదురు పెట్టు. ఆ పేరు పోయి ‘అల్‌జబ్రా’ మిగిలింది. పేరుతో పాటు ‘కైకు బదల్తా’ అన్న ప్రశ్నకు జవాబు కూడా పోయింది.

మేము ఇప్పుడు క్లాసులో ఏం చేస్తున్నామో చెప్పి ముగిస్తాము. దుకాణాల్లో కరెంటు కాంటాలు వచ్చాక రెండు పళ్లేల తరాజును సరిగా చూడని పిల్లలు కూడా ఉన్నారు. అందుకని పాత పేపర్లు కొనేవాని దగ్గర ఒక తరాజు సంపాదించి టేబుల్ మీద పెట్టాము. మొదటి వారం నోటుబుక్కు తెరవము. రెండో వారం ‘షై’ అని మాటల్లో రాయిస్తాము. మూడో వారం ఎక్స్ వస్తుంది, అప్పటికి దాని మీద భయం పోయి ఉంటుంది. బోర్డు మీద మూడు మాటలు పక్కపక్కన రాస్తాము: ఉర్దూలో మసావాత్, తెలుగులో సమీకరణం, ఇంగ్లీషులో ఈక్వేషన్. మన పిల్లలు బడిలో ఉర్దూ, బజారులో తెలుగు, ఇంటర్మీడియట్‌లో ఇంగ్లీషు. మూడు మాటలు తెలియకపోతే దారిలో ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. మసావాత్ అంటే సమానత్వం అని వారికి ముందే తెలుసు. రెండు వైపులా న్యాయం చేయాలి అంటే చాలు, మిగతాది వారే చెబుతున్నారు. అందరూ పాసైపోతున్నారని గొప్పలు చెప్పము. ఆరు, ఏడు ఎక్కాలు రాని పిల్లలకు తరాజు ఒక్కటే ఏమీ చేయలేదు. కాని ‘కైకు’ అని అడిగే చేతులు పెరిగాయి, అది మాత్రం నిజం.

సభ్యులకు మా విన్నపాలు రెండు. మొదటిది, సొసైటీ తరఫున ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సాయంత్రం పూట రెండు గంటల లెక్కల క్లాసు నడపాలి. చదువుకున్న యువకులు వారానికి ఒక రోజు ఇచ్చినా చాలు. రెండవది ఖర్చు లేనిది. మీ పిల్లవాడు లెక్కలో ‘ఎందుకు’ అని అడిగితే కసరకండి. మీకు తెలియకపోతే “రేపు మీ సార్‌ను అడుగు” అనండి. సార్‌కూ తెలియకపోతే ఆయనే వెతుక్కుంటాడు, మేము వెతుక్కున్నట్టు.

ఆనాడు మేము కూర్చోబెట్టిన పిల్లవాడు ఇప్పుడు తండ్రి అయ్యాడని విన్నాము. వాని బిడ్డ మా క్లాసుకు వచ్చే రోజుకు జవాబు సిద్ధంగా పెట్టుకున్నాము.