పద్దెనిమిదేళ్ళు, ఏడు సినిమాలు

తెలుగులో సస్పెన్స్ సినిమా అనగానే చాలామందికి వంశీ "అన్వేషణ" (1985), వర్మ "క్షణక్షణం" (1991) గుర్తొస్తాయి. వాళ్ళిద్దరూ అన్ని రకాల సినిమాలూ తీశారు. దాదాపు కెరీరంతా సస్పెన్స్‌నే నమ్ముకున్న డైరెక్టర్ ఎవరంటే నేను చంద్రశేఖర్ ఏలేటి పేరే చెప్తాను.

మొదటి సినిమా "ఐతే" (2003). నిర్మాత గుణ్ణం గంగరాజు. స్టార్లు లేరు. డబ్బుల్లేని కుర్రాళ్ళు, ఒక మాఫియా డాన్, ఒక విమానం హైజాక్ ప్లాను, అంతే. ఆ ఏడాదికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది.

తర్వాత "అనుకోకుండా ఒక రోజు" (2005). హీరోయిన్ ఛార్మి జ్ఞాపకంలోంచి ఒక రోజు మొత్తం మాయమైపోతుంది. ఎవరో చంపడానికి వెంటపడుతుంటారు, ఎందుకో తెలీదు. ప్రొడక్షన్ సర్వర్లో సరిగ్గా గొడవ జరిగిన రోజు లాగ్ మాత్రమే లేకపోతే ఎలా ఉంటుందో మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ముందు రోజూ తర్వాత రోజూ చూసి మధ్యలో ఏం జరిగిందో కట్టుకోవాలి.

మా బి.కొత్తకోట నుంచి హార్సిలీ హిల్స్ ఎక్కుతుంటే మలుపు దూరం నుంచే కనిపిస్తుంది, దాని వెనకాల ఏముందో కనపడదు. ఏలేటి సస్పెన్స్ అలాంటిది. చీకట్లో పిల్లి దూకించి ఉలిక్కిపడేలా చెయ్యడం కాదు.

"ఒక్కడున్నాడు" (2007)లో ఒక అరుదైన బ్లడ్ గ్రూపు హీరో ప్రాణం మీదకి తెస్తుంది. "ప్రయాణం" (2009) ప్రేమకథే, కానీ ఫ్లైట్ ఎక్కేలోపు తేలిపోవాలి. ఆ తర్వాత "సాహసం" (2013), "మనమంతా" (2016), "చెక్" (2021).

ఆ సంవత్సరాలు ఒకసారి చూడండి. మొదట్లో రెండేళ్ళకొకటి. తర్వాత నాలుగేళ్ళు, మూడేళ్ళు, ఐదేళ్ళు. నా ఉద్దేశ్యంలో తప్పు ఆయన ఒక్కడిదే కాదు. మన దగ్గర డబ్బు హీరోని చూసి వస్తుంది. హీరో అనగానే పాటలు, ఫైట్లు, బిల్డప్పు. వాటికి చోటిస్తే స్క్రీన్‌ప్లే బిగువు సడలుతుంది. ఇవ్వకపోతే పెట్టుబడి దొరకదు.

రహస్యం తెలిసిపోయాక రెండోసారి ఎవరు చూస్తారని ఒక వాదన ఉంది. "ఐతే" చివరికి ఏమవుతుందో తెలిసీ మళ్ళీ చూసినవాళ్ళు మనలోనే బోలెడుమంది. ఏం జరిగిందన్నది ఒక్కసారికే సరిపోతుంది. ఎలా అల్లాడన్నది మాత్రం ఎన్నిసార్లయినా చూడొచ్చు.

ఇంకా చూడనివాళ్ళు "అనుకోకుండా ఒక రోజు"తో మొదలుపెట్టండి. చూసినవాళ్ళని కథ మాత్రం అడక్కండి!