రెండు బందర్లు

మచిలీపట్నాన్ని మనవాళ్ళు బందరు అంటారు. బందరు లడ్డు, బందరు కాలువ, బెజవాడలో బందరు రోడ్డు. ఈ మాట ఎక్కడిదని ఎవరూ అడగరు. అది ఫారసీ మాట, రేవు అని అర్థం. సముద్రానికి అవతల ఇరాన్ దక్షిణ తీరంలో ఇంకో బందరు ఉంది, బందర్ అబ్బాస్. 17వ శతాబ్దంలో ఈ రెండు బందర్ల మధ్య ఓడలు నడిచాయి. 'మీరెక్కడి నుంచి వచ్చారు?' అని మనల్ని నిలదీసేవాళ్ళకూ, 'మా తాతలు ఇరాన్ నుంచి వచ్చారు' అని మీసం మెలేసే మనవాళ్ళకూ ఆ ఓడల కథ తెలియాలి.

గోల్కొండ రాజ్యానికి పునాది వేసిన సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ నుంచి వచ్చాడు. 1591లో హైదరాబాద్ వెలిసినప్పుడు పేష్వాగా ఉన్న మీర్ మోమిన్ది అస్త్రాబాద్. అప్పట్లో ఇరాన్‌ను ఏలుతున్నది సఫవీ వంశం. రెండు దర్బార్లూ షియాలవే కాబట్టి స్నేహం కుదిరిందనుకుంటే అది సగం నిజమే. మిగతా సగం మొగలుల భయం. వాళ్ళు ఉత్తరం నుంచి దక్కన్ మీదికి దిగుతున్నారు. అటు కాందహార్ కోసం ఇరాన్‌తోనూ వాళ్ళకు తగాదా ఉంది.

1603లో షా అబ్బాస్ రాయబారి గోల్కొండకు వచ్చి సుమారు ఆరేళ్ళు ఉన్నాడు. మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు హయాత్ బక్షీ బేగంను ఇరాన్ రాజకుమారుడికి అడగడం కూడా అతను వచ్చిన పనుల్లో ఒకటని చరిత్రకారులు రాస్తారు. సుల్తాన్ మాత్రం 1607లో ఆమెను తన తమ్ముడి కొడుక్కే ఇచ్చి చేశాడు. పిల్లనివ్వకపోయినా స్నేహం చెడలేదు. తర్వాతి సుల్తాన్ కాలంలో ఇరాన్ నుంచి హుస్సేన్ బేగ్ రాయబారిగా వచ్చాడు. ఇక్కడి నుంచి ఇబ్న్ ఖాతూన్ ఇరాన్ వెళ్ళాడు.

అప్పటికి సముద్రపు దారి పోర్చుగీసుల గుప్పిట్లో ఉంది. హోర్ముజ్ కోట వాళ్ళది. 1622లో షా అబ్బాస్ ఇంగ్లీషు కంపెనీ ఓడల సాయంతో వాళ్ళను అక్కడి నుంచి వెళ్ళగొట్టాడు. ఆ తర్వాత బందర్ అబ్బాస్ దశ తిరిగింది. 1630ల నుంచి మచిలీపట్నం ఓడలు నేరుగా అక్కడికి వెళ్ళడం పెరిగింది.

ఆ ఓడల్లో ఏం వెళ్ళింది? అద్దకం బట్టలు వెళ్ళాయి. మన నేతగాళ్ళు నేసిన గుడ్డకు చిరివేరుతో ఎరుపు పట్టించి, ఇరాన్ వాళ్ళు కోరిన పువ్వులూ తీగలూ అద్ది పంపేవాళ్ళు. ఆ పనికి నిలిచిన కలంకారీ అన్న పేరు కూడా ఫారసీదే. ఉక్కు వెళ్ళింది. ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో కమ్మరులు మూసల్లో కరగబోసి తీసిన ఉక్కుతో ఇరాన్‌లో కత్తులు చేసేవాళ్ళు. అటు నుంచి గుర్రాలు వచ్చాయి. మనుషులూ వచ్చారు, వర్తకులు, పండితులు, కొలువు వెతుక్కునేవాళ్ళు.

అలా వచ్చినవాడే మీర్ మహమ్మద్ సయ్యద్. అర్దిస్తాన్‌లో నూనె వ్యాపారి కొడుకు. ఇక్కడ ఓడలకు యజమాని అయ్యాడు, బందరుకు అధికారి అయ్యాడు, చివరికి మీర్ జుమ్లా పదవి ఎక్కాడు. సుల్తాన్‌తో చెడగానే మొగలుల కొలువులో చేరాడు. అతని విధేయత మతానికీ కాదు, పుట్టిన దేశానికీ కాదు.

దానికంటే ముందు, 1636లో, షాజహాన్ అబ్దుల్లా కుతుబ్ షా మెడలు వంచి ఒప్పందం రాయించుకున్నాడు. ఏటా రెండు లక్షల హొన్నులు కట్టాలి. శుక్రవారం ఖుత్బాలో పన్నెండుగురు ఇమాముల పేర్లు, ఇరాన్ షా పేరు తీసేయాలి. నలుగురు ఖలీఫాల పేర్లు, షాజహాన్ పేరు చదవాలి. మసీదులో ఎవరి పేరు చదవాలో ఒక ముస్లిం పాదుషా ఇంకో ముస్లిం సుల్తాన్‌కు హుకుం జారీ చేశాడు. 1687లో గోల్కొండను మింగింది కూడా మొగలులే. 'ముస్లిం పాలన' అంటూ అందర్నీ ఒకే గంప కింద కమ్మేసేవాళ్ళు ఈ సంగతి చెప్పరు.

మనం మనకు చెప్పుకోవలసింది ఇంకొకటుంది. ఓడ దిగిన అమీర్లు కొద్దిమంది. తెలుగు ముస్లింలలో ఎక్కువమంది ఏ ఓడా ఎక్కి రాలేదు, ఈ మట్టిలోనే పుట్టారు. దూదేకినవాళ్ళు, నేసినవాళ్ళు, కూలి చేసినవాళ్ళు. వాళ్ళకు ఇరాన్ వంశవృక్షం అక్కర్లేదు. అది లేనందుకు చిన్నబోవడమూ అక్కర్లేదు.

ఇరాన్ నుంచి వచ్చినవాటిలో సుల్తానులు పోయారు, కొలువులు పోయాయి. మాటలు మిగిలాయి. బజారు, ఖరీదు, రోజు అనకుండా ఈ ఊళ్ళో ఎవరికీ పూట గడవదు. వాటిని ఎక్కడి నుంచి వచ్చాయని ఎవరూ అడగడం లేదు. ఎక్కడికీ వెళ్ళకుండా ఇక్కడే ఉన్న మనిషిని మాత్రం ఎందుకు అడుగుతున్నారు?