ఆ చివర వినబడుతోందా?

1973 మే 22న కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో, జిరాక్స్ పరిశోధన కేంద్రంలో పనిచేస్తున్న రాబర్ట్ మెట్‌కాఫ్ ఒక మెమో రాశారు. కంప్యూటర్లన్నీ ఒకే తీగను పంచుకుని మాట్లాడుకోవాలన్నది ఆయన ఆలోచన. దానికి ఈథర్‌నెట్ అని పేరుపెట్టి, డేవిడ్ బాగ్స్‌తో కలిసి కట్టి చూపించారు. నియమం చిన్నదే: తీగ ఖాళీగా ఉంటేనే మాట్లాడాలి, ఇద్దరి మాటలు ఢీకొంటే ఇద్దరూ ఆగి, తలా కాసేపు ఓర్చి మళ్లీ మొదలుపెట్టాలి.

మరి తీగే తెగితే?

ఆ రోజుల్లో లావుపాటి కోయాక్సియల్ కేబుల్ 500 మీటర్ల దాకా సాగేది, దానికి 100 యంత్రాల వరకు తగిలించేవారు. ఎక్కడ తెగినా సిగ్నల్ గోడకు కొట్టిన బంతిలా వెనక్కి వచ్చేది. యంత్రాలు దాన్ని మాటల ఢీ అనుకుని ఆగిపోయేవి. ఒక్క తెగుడుతో అందరి పనీ నిలిచేది. మరమ్మతుకు వచ్చినవారు ఆ ప్రతిధ్వనినే ఆధారం చేసుకున్నారు. కేబుల్‌లోకి చిన్న విద్యుత్ తరంగం పంపి, అది తిరిగొచ్చే సమయాన్ని కొలిచేవారు. మైక్రోసెకనులో తిరిగొస్తే తెగిన చోటు సుమారు 115 మీటర్ల దూరంలో ఉన్నట్టు.

1990లో వచ్చిన 10బేస్-టి ప్రమాణం ప్రతి యంత్రానికీ విడి తీగ ఇచ్చింది. పంపడానికి ఏమీ లేకపోయినా సుమారు 16 మిల్లీసెకన్లకోసారి చిన్న విద్యుత్ పల్స్ పంపాలన్నది అందులోని నిబంధన. అవతలి పల్స్ అందుతున్నంతసేపూ పరికరం మీది దీపం వెలుగుతుంది. ఖాళీ తీగకూ తెగిన తీగకూ తేడా అలా కంటికి కనబడింది.

ఒక దారి తెగితే ఇంకోటి ఉండాలని అదనపు కేబుళ్లు వేస్తే మరో చిక్కు. దారులు వలయమైతే సందేశాలు అంతులేకుండా తిరుగుతూ నెట్‌వర్క్‌ను ముంచేస్తాయి. డిజిటల్ ఈక్విప్‌మెంట్ సంస్థలో రాడియా పెర్ల్‌మన్ 1985లో దీనికి విరుగుడు ప్రచురించారు. కేబుళ్లను కలిపే పరికరాలైన స్విచ్‌లు తమలో తాము మాట్లాడుకుని, అదనపు దారులను మూసి ఉంచి, అవసరమైనప్పుడు తెరుస్తాయి. ఈ పద్ధతి వివరిస్తూ ఆమె ఒక పద్యం కూడా రాశారు. రెండు సెకన్లకోసారి వచ్చే పలకరింపు 20 సెకన్లు అందకపోతే స్విచ్ కొత్త దారి వెతుకుతుంది. అది తెరుచుకునేసరికి 50 సెకన్లు పట్టవచ్చు.

ఆ పద్ధతికీ హద్దుంది. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రి నెట్‌వర్క్ కుప్పకూలింది. ఏళ్ల తరబడి అంచెలంచెలుగా పెరిగి, ఈ పద్ధతికి సిఫారసు చేసిన ఏడు అంచెల పరిమితిని అది దాటిపోయింది. వైద్యులు, నర్సులు కొన్ని రోజులు కాగితాల మీదే చికిత్స నడిపించారు.

తర్వాత ఈథర్‌నెట్ టెలికాం సంస్థల చేతికి వచ్చి నగరాలు దాటింది. మధ్యలో పలు సంస్థల స్విచ్‌లుంటాయి. ఒకదాని సెట్టింగు తప్పినా దీపాలన్నీ పచ్చగానే ఉంటాయి, సందేశం మాత్రం చేరదు. 2007లో వచ్చిన 802.1ఎజి ప్రమాణం ఈ లోటు తీర్చింది. ఇరు చివరలా ఉన్న పరికరాలు ఒకదానికొకటి క్రమం తప్పక చిన్న సందేశాలు పంపుకుంటాయి. కావాలంటే 3.33 మిల్లీసెకన్లకు ఒకటి చొప్పున పంపుకోవచ్చు. వరసగా మూడు తప్పితే దారి తెగినట్టే. ఎక్కడిదాకా బాగుందో తెలుసుకోవడానికి ఒక్కో మజిలీనీ జవాబడిగే సందేశం వేరే ఉంది. వినియోగదారుకూ సంస్థకూ వేర్వేరు స్థాయిలున్నాయి, ఎవరి పరిధిని వారే తనిఖీ చేసుకుంటారు.

ఒక వైపే తెగితే? మాట అందని పరికరం, తాను పంపే సందేశంలో ఒక్క బిట్ మార్చి అవతలికి చెబుతుంది: నీ గొంతు నాకు చేరడం లేదు.