65 దాటిన సిపాయిలు

మా మావయ్యగారు మిలిటరీలో పనిచేసి రిటైరయ్యారు. టీవీలో సరిహద్దు వార్తలొస్తే చాలు, "పిలిస్తే ఇప్పుడైనా వెళ్తా" అంటారు. "ముందు మీ మోకాళ్ళని పిలిచి చూడండి, వస్తాయేమో" అంటారు అత్తయ్యగారు. మేమంతా నవ్వుతాం. ఆయన మాత్రం నవ్వరు.

ఎందుకు నవ్వరో నాకు బ్రిటన్‌లోని హోమ్ గార్డ్ చరిత్ర చదివాక తెలిసింది.

రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే అక్కడ 18 నుంచి 41 ఏళ్ళ మగవాళ్ళు సైన్యంలో చేరాలని చట్టం చేశారు. 1918లో మొదటి యుద్ధం ముగించుకుని ఇల్లు చేరినవాళ్ళలో చాలామందికి అప్పటికే ఆ వయసు దాటింది. అంటే యుద్ధం తెలిసినవాళ్ళే అక్కర్లేకపోయారు.

1940 మే 14 రాత్రి మంత్రి ఆంటొనీ ఈడెన్ రేడియోలో మాట్లాడారు. జర్మన్ సైనికులు పారాషూట్లతో దిగుతారని దేశమంతా భయపడుతున్న రోజులవి. 17 నుంచి 65 ఏళ్ళలోపు మగవాళ్ళు ఊరి కాపలా దళంలో చేరండి, జీతం మాత్రం ఉండదు అన్నారు. వారంలో దాదాపు రెండున్నర లక్షల మంది పేర్లిచ్చారు. జులై చివరికల్లా 15 లక్షలకు చేరువయ్యారు.

65 అన్న హద్దు కూడా కాగితం మీదే. పాత సిపాయిలు వయసు తగ్గించి చెప్పేవారు, రాసుకునేవాళ్ళు చూసీచూడనట్టు రాసుకునేవారు. ఒకప్పటి పెద్ద అధికారులు మామూలు సిపాయిలుగా వరసలో నిలబడ్డారు. మొదట్లో తుపాకులు చాలక కొన్నిచోట్ల చీపురుకర్రలతోనే కవాతు. పగలంతా పని, రాత్రి కాపలా. ఆ కాపలాలో 1,200 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

వయసు దగ్గర అంత పట్టువిడుపు చూపినవాళ్ళు ఆడవాళ్ళ దగ్గర బిగుసుకున్నారు. ఎడిత్ సమ్మర్‌స్కిల్ అనే డాక్టరు, పార్లమెంటు సభ్యురాలు, ఏళ్ళ తరబడి అడిగితే 1943లో సహాయకులుగా రానిచ్చారు. తుపాకీ లేదు, యూనిఫాం లేదు. గుండ్రటి బ్యాడ్జి ఒకటి ఇచ్చారు.

జర్మన్లు దిగనేలేదు. 1944 డిసెంబరులో దళాన్ని ఇళ్ళకు పంపేశారు. "ఇక మీ అవసరం లేదు" అన్న మాట జీవితంలో రెండోసారి విన్నవాళ్ళు అందులో ఎందరో!

మొన్న మావయ్యగారు మళ్ళీ అదే మాటంటే నేను నవ్వలేదు. "మీకు మొదటి పోస్టింగ్ ఎక్కడ మావయ్యగారూ?" అని అడిగాను. ఆ రాత్రి భోజనాలు గంట ఆలస్యమయ్యాయి. మధ్యలో ఆయన మరిచిపోయిన ఊరి పేరు వంటింట్లోంచి అత్తయ్యగారే అందించారు.