పులిసిన వైద్యం

మా ఇంట్లో సింగడనే కుక్క వుంది. జాతికుక్కేం కాదు. ఐదేళ్ళ క్రితం వానాకాలంలో మా గేటుకింద నించి దూరివచ్చి, వరండాలో కూర్చుని, ఇక నేనెక్కడికీ పోనన్నట్టు చూసిన వీధికుక్క పిల్ల. మావారు రెండ్రోజులు గద్దించారు. మూడోరోజున ఆయనే పాలు పోశారు. దాంతో వాడు ఇంట్లో మనిషైపోయాడు.

కిందటేడు వేసవిలో వాడి ఎడమచెవికి ఏదో పట్టుకుంది. అస్తమానం తల విదిలించడం, కాలితో గోక్కోవడం, దగ్గరకొస్తే ముక్క వాసన. సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఆడపడుచు కూతురు అమెరికా నించి వచ్చింది. దాని పెట్టెలో చాక్లెట్లతో పాటు తేనెరంగు సీసా వొకటి వుంది. ఆపిల్ సైడర్ వెనిగర్! సీసా అడుగున మడ్డి తేరుకుని వుంది.

"ఆ మడ్డి పారబొయ్యకు అత్తయ్యా. దాన్ని మదర్ అంటారు. బలమంతా అందులోనే వుంది. అక్కడ మా స్నేహితురాళ్ళు కుక్కలకి గోమారి పట్టినా, దురద పుట్టినా, చెవిలో చీము పట్టినా ఇదే వాడతారు. మందు కాదు, సహజమైంది!" అంది.

సహజమైంది అంటే మనకి వున్న నమ్మకం ఇంతా అంతా కాదు కదా! ఉమ్మెత్తకాయ కూడా సహజమైనదే అని ఆ క్షణాన నాకు తోచలేదు. అరచెంచాడు వెనిగర్, అరచెంచాడు నీళ్ళు కలిపి సింగడి చెవిలో పోశాను. వాడు పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది. కుడితిలో పడ్డ ఎలుకలా ఇల్లంతా గిరగిరా తిరిగి, చివరికి బీరువా వెనకాల దూరాడు. సాయంత్రం దాకా బయటికి రాలేదు. నేను పిలిస్తే అసలు రాలేదు.

పశువుల డాక్టరుగారు లైటు పెట్టి చూసి, "లోపల పుండు వుందమ్మా. కర్ణభేరి ఎలా వుందో వాపు తగ్గితే గాని చెప్పలేను. పచ్చిపుండు మీద ఆమ్లం పోశారు" అన్నారు. తిడితే బాగుండును. తిట్టలేదు. పైగా, "మేమూ వాడతాం లెండి, వెనిగర్‌లో వుండేదే, ఎసిటిక్ ఆమ్లం. రెండు శాతం బలంతో, బోరిక్ ఆమ్లం కలిపి, కొన్నిరకాల బూజులకీ సూక్ష్మజీవులకీ. కాని ముందు చెవి చూసి వాడతాం" అన్నారు. సీసా మీద చూస్తే అందులో వున్నది ఐదు శాతం. నా లెక్క ప్రకారం నీళ్ళు కలిపాక రెండున్నర. అంటే నా తప్పు మోతాదులో కన్నా ముందే, చూడకపోవడంలోనే వుందన్నమాట.

నేను బి.ఏ. చదివింది చరిత్రతో. సైన్సు నా వల్ల కాదు. కాని ఈ సీసా ఎక్కణ్ణించి పుట్టుకొచ్చింది, కుక్క చెవిలోకి దీన్ని ఎవరు పంపించారు అన్నది చరిత్రే కదా! ఆ రాత్రి నించి పుస్తకాలు తిరగేయడం మొదలెట్టాను.

వెనిగర్ మాట ఫ్రెంచివాళ్ళది. పులిసిన ద్రాక్షసారా అని అర్థం. రోమన్ సిపాయిలు దాన్ని నీళ్ళలో కలుపుకుని తాగేవారు. గ్రీకు వైద్యులు తేనెతో కలిపి మందుగా ఇచ్చేవారు. క్రీ.పూ. 218లో హానిబాల్ ఏనుగుల్తో ఆల్ప్స్ పర్వతాలు దాటినప్పుడు, అడ్డొచ్చిన బండని నిప్పుపెట్టి కాల్చి, పైన వెనిగర్ పోసి పగలగొట్టించాడని లివీ అనే రోమన్ చరిత్రకారుడు రాశాడు. బండలే పగిలితే పాపం సింగడి చెవెంత!

అమెరికాకి ద్రాక్ష కన్నా ఆపిలే అచ్చొచ్చింది. వలస వెళ్ళిన రైతులు నాటిన చెట్లలో చాలావాటి కాయలు కొరుక్కు తినడానికి పనికొచ్చేవి కావు. పుల్లగా, వగరుగా వుండేవి. వాటిని నలగ్గొట్టి రసం తీసి పులియబెట్టేవారు. అదే సైడర్. ఇంకొన్నాళ్ళు వదిలేస్తే వెనిగర్. పీపాలో అడుగున మిగిలింది పారబొయ్యడం ఏ దేశపు ఇల్లాలికైనా మనసొప్పని పని. వూరగాయకీ అదే, గాయానికీ అదే, గొడ్డుకీ అదే.

దీన్ని పెరటి నించి పుస్తకంలోకి ఎక్కించినవాడు డాక్టర్ డిఫారెస్ట్ క్లింటన్ జార్విస్. 1881లో పుట్టాడు. వెర్మాంట్ రాష్ట్రంలో బారీ అనే గ్రానైటు రాళ్ళ వూళ్ళో చెవి, ముక్కు, గొంతు వైద్యుడు. (చెవి డాక్టరే! అది చదివినప్పుడు పుస్తకం మూసి కాస్సేపు వూరుకున్నాను.) ఆయన చుట్టుపక్కల రైతుల దగ్గర కూర్చుని వాళ్ళ చిట్కాలన్నీ విన్నాడు. మనుషుల కన్నా జంతువులకే తమకేం కావాలో తెలుసునని ఆయన నమ్మకం. ఆవులు ఏ ఆకు కొరుకుతున్నాయి, మేకలు ఏం వెతుక్కుంటున్నాయి అని పరకాయించి చూశాడు. ఆవుల దాణా మీద ఆపిల్ వెనిగర్ పోయించి, అవి ఆరోగ్యంగా వున్నాయని రాసుకున్నాడు. వెనిగర్‌లో పొటాషియం వుందనీ, దాని వల్లే ఇదంతా అనీ తేల్చాడు. 1958లో 'ఫోక్ మెడిసిన్' అనే పుస్తకం అచ్చయ్యింది. లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి. ఇంటింటా తేనె, వెనిగర్ కలిపి తాగడం మొదలయ్యింది. ఆ రెండూ కలిపి 'హానిగర్' అన్న పేరుతో సీసాలు అమ్మితే, ఈ పుస్తకాన్ని అడ్డం పెట్టుకుని లేనిపోని గుణాలు అంటగడుతున్నారని అక్కడి ప్రభుత్వం వాటిని జప్తు కూడా చేసింది. జార్విస్ 1966లో పోయాడు. సీసా మాత్రం పోలేదు.

పొటాషియం సంగతి చూశాను. వొక పెద్ద చెంచాడు ఆపిల్ వెనిగర్‌లో పదకొండు మిల్లీగ్రాములు. అరటిపండులో నాలుగువందల పైన. ఆవుకి అరటితొక్క పడేసే మా అమ్మమ్మే ఈ డాక్టరు కన్నా నయం!

అయినా జార్విస్‌ని నేను వెక్కిరించలేను. మా అమ్మమ్మగారింట్లో గొడ్లచావిడి పక్కన పెద్ద కుడితితొట్టి వుండేది. బియ్యం కడుగు, గంజి, కూర తరుగులు, కాస్త తవుడు అందులో పడి పులిసేవి. గేదె మూతి ముంచి ఆబగా తాగేది. ఈనిన గేదె నీరసంగా వుంటే, "పుల్లటి కుడితి రెండ్రోజులు పట్టండర్రా, లేస్తుంది" అనేది అమ్మమ్మ. లేచేది కూడా. కుడితి వల్ల లేచిందా, రెండ్రోజులయ్యింది కనక లేచిందా? ఆ ప్రశ్న అమ్మమ్మా వేసుకోలేదు, జార్విసూ వేసుకోలేదు.

వేసుకున్నవాడు ఇంకొకడున్నాడు. జేమ్స్ లిండ్ అనే వోడ డాక్టరు. 1747 మే నెలలో, సాలిస్‌బరీ అన్న ఇంగ్లీషు యుద్ధనౌక మీద, చిగుళ్ళు కుళ్ళి నెత్తురు కారే స్కర్వీ జబ్బుతో వున్న పన్నెండుమంది నావికుల్ని వొకేచోట వుంచి, వొకే తిండి పెట్టి, ఇద్దరిద్దరికి వొక్కో మందు ఇచ్చాడు. వొక జంటకి సైడర్. వొక జంటకి గంధకామ్లం చుక్కలు. వొక జంటకి వెనిగర్, రోజుకి మూడుసార్లు, రెండేసి చెంచాలు. వొక జంటకి సముద్రపు నీళ్ళు. ఇంకొక జంటకి వెల్లుల్లి, ఆవాలు వగైరా నూరిన ముద్ద, తాగడానికి చింతపండు పులుసు కలిపిన బార్లీ నీళ్ళు (మన చింతపండు అక్కడిదాకా వెళ్ళిందండీ!). చివరి జంటకి రోజుకి రెండు నారింజలు, వొక నిమ్మకాయ. ఆరో రోజుకే నారింజలు తిన్నవాళ్ళలో వొకడు లేచి పనిలోకి వెళ్ళాడు. సైడర్ తాగినవాళ్ళు కొద్దిగా తేరుకున్నారు. వెనిగర్ తాగినవాళ్ళు ఎలా వున్నవాళ్ళు అలాగే వున్నారు.

వెనిగర్ జంట వొక్కటే వుండి, వాళ్ళు ఎలాగో బతికి బట్టకట్టి వుంటే, ఇవాళ ఆ సీసా మీద ఇంకెన్ని గుణాలు రాసేవారో! పక్కన నారింజ జంట వుండబట్టి నిజం తెలిసింది. తెలిశాక కూడా ఇంగ్లీషు నౌకాదళం నావికులకి నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా పట్టింది. నిజానికి నడక ఎప్పుడూ నిదానమే.

సింగడి చెవి మానడానికి అయిదు వారాలు పట్టింది. ఆ చెవి ఇప్పుడు సరిగా వినిపించదు. "నేను పోసిన దాని వల్లేనా?" అని డాక్టరుగార్ని మూడుసార్లు అడిగాను. "జబ్బు వల్ల కావచ్చు, దాని వల్ల కావచ్చు, ఎలా చెప్పనమ్మా" అన్నారు మూడుసార్లూ. నాకు రెండో సింగడు లేడు, వెనిగర్ పొయ్యని సింగడు, పక్కన పెట్టి పోల్చి చూసుకోవడానికి.

సీసాలో మిగిలినదాన్ని వుల్లిపాయ ముక్కల్లో పోసి వూరబెట్టాను. బాగానే వున్నాయి, మావారు వేపుడులో నంజుకున్నారు. మేనకోడలికి ఫోన్లో ఈ సంగతులేవీ చెప్పలేదు. ప్రేమగా మోసుకొచ్చింది పిల్ల. సింగడు మాత్రం, నేను ఏ సీసా మూత తీసినా, కొబ్బరినూనెదైనా సరే, లేచి మంచం కిందకి వెళ్ళిపోతాడు. కుడిచెవి నేలకేసి ఆన్చి పడుకుంటే వాడికి గేటు చప్పుడు వినిపించదు. అందుకని మావారు ఆఫీసు నించి రాగానే మెట్టుమీద రెండుసార్లు చెప్పుతో గట్టిగా తొక్కుతున్నారు. అదురు తెలిసి లేస్తాడని.